గ్లౌజులు తొడుక్కుని పియానో వాయించాలంటే

చలికి వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు పియానో ముందు కూర్చున్నవారికి మొదట తోచే ఉపాయం గ్లౌజులు. తొడుక్కుని రెండు నిమిషాలు వాయించేసరికి విసుగొస్తుంది. ఒక మీట నొక్కితే పక్కది కూడా మోగుతుంది, బొటనవేలు జారుతుంది, ఎంత నొక్కితే ఎంత శబ్దం వస్తుందో అంతు చిక్కదు. గ్లౌజులతో పియానో కుదిరే పని కాదని తీసి పక్కన పడేస్తారు. కుదురుతుంది. వేడి సదుపాయం లేని గదిలో ఎన్నో చలికాలాలు నేను అలాగే సాధన చేశాను. చర్మం పగిలి ఉత్త చేతులతో మీట ముట్టుకోలేని విద్యార్థులకు గ్లౌజులతోనే పాఠం చెప్పాను.

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి. గ్లౌజు వెచ్చదనం ఇచ్చి, బదులుగా స్పర్శను తీసుకుంటుంది. మీట ఎక్కడుంది, ఎంత దిగింది, ఇంకా ఎంత దిగాలి అనే కబురంతా వేలి కొస చర్మమే మోసుకొస్తుంది. అందుకని వీలున్నంతవరకు వేలి కొసను మూయకండి. మూయక తప్పనప్పుడు ఆ పనిని చేతి బరువుకూ చెవికీ అప్పగించాలి. కింద చెప్పేదంతా ఈ మాట చుట్టూ తిరిగేదే.

ముందు కారణం తేల్చుకోండి

గ్లౌజు ఎందుకు కావాలన్నదాన్ని బట్టే ఏ గ్లౌజు అన్నది తేలుతుంది. చలి కోసమైతే వేళ్ల కొసలు తెరిచి ఉన్నవి చాలు. ఎగ్జిమా, పగుళ్లు, మానుతున్న గాయం, పూసుకున్న మందు మీటలకు అంటుకోకూడదన్న జాగ్రత్త ఉంటే వేళ్లు పూర్తిగా కప్పేవి కావాలి. కీళ్ల వాపు వల్ల వైద్యులు బిగుతు గ్లౌజులు వాడమని చెప్పి ఉంటే, వాటిని వేసుకుని పియానో వాయించవచ్చా, ఎంతసేపు అన్నది ఆ వైద్యులనే అడగండి. చలి తగలగానే వేళ్లు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా మారి, వెచ్చబడేటప్పుడు ఎర్రబడి మండుతుంటే అది రేనాడ్స్ అనే రక్తప్రసరణ సమస్య కావచ్చు. గ్లౌజులతో సరిపెట్టుకోకుండా వైద్యులకు చూపించుకోండి.

చేతికి జబ్బు చేసినవారికి గ్లౌజు ఎంత ఆసరా కాగలదో చెప్పడానికి బ్రెజిల్ పియానిస్టు జొవావ్ కార్లోస్ మార్టిన్స్ ఒక్కరు చాలు. 1940లో పుట్టిన ఆయన చేతుల జబ్బు, గాయాలు, వరస శస్త్రచికిత్సల వల్ల పియానోకు దూరమయ్యారు. ఒక డిజైనర్ ఆయన కోసమే ప్రత్యేకంగా గ్లౌజులు తయారుచేశారు. మీట నొక్కి కిందికి దిగిన వేలిని స్ప్రింగులాంటి స్టీలు పట్టీ తిరిగి పైకి లేపుతుంది. వాటి సాయంతో 2020 నాటికి, ఎనభయ్యో పడికి చేరువలో, ఆయన మళ్లీ వేళ్లన్నీ మీటల మీద ఆడించగలిగారు. ఆ వార్త చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి.

గ్లౌజు కంటే ముందు ముంజేయి

చలి కోసమే అయితే ఈ మెట్టును వదిలేసి ముందుకు వెళ్లకండి. చాలామందికి ఇక్కడితోనే పని అయిపోతుంది.

వేళ్లను ముడిచి చాపే కండరాల్లో ఎక్కువ భాగం వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి స్నాయువులు మణికట్టు మీదుగా వేళ్ల దాకా తాళ్లలా సాగుతాయి. ముంజేయి చల్లబడితే వేలికి ఎంత మందపు గ్లౌజు తొడిగినా బద్ధకంగానే కదులుతుంది. మీ కుడి ముంజేతిని ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేతి వేళ్లను ఒక్కొక్కటిగా బల్ల మీద తట్టి చూడండి. అరచేతి కింద కండరాలు కదలడం తెలుస్తుంది.

కెనడా పియానిస్టు గ్లెన్ గౌల్డ్ (1932–1982) వాయించే ముందు చేతులను ముంజేతుల దాకా వేడినీళ్లలో ఉంచుకునేవారు. వెచ్చటి రోజుల్లో కూడా కోటు, గ్లౌజులతో కనిపించేవారు. జనం దాన్ని వింత అలవాటుగా చెప్పుకున్నారు. నాకైతే ముంజేయి సంగతి తెలిసిన మనిషి చేసే పనిలాగే కనిపిస్తుంది.

మీరూ చేయండి. మోచేతితో తాకితే హాయిగా అనిపించేంత వేడి నీళ్లలో ముంజేతులను ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి. చర్మం ఎర్రబడేంత వేడి వద్దు. తర్వాత వేళ్ల సందులు కూడా తడి లేకుండా తుడుచుకోండి. తడి వేలు జారుతుంది, ఆ తడి మీటల సందుల్లోకి దిగి కొయ్యను పాడుచేస్తుంది. ఆపైన ముంజేతి తొడుగు వేసుకోండి. పొడవాటి పాత ఉన్ని మేజోడు పాదం భాగం కత్తిరించేస్తే మిగిలిన గొట్టం మణికట్టు నుంచి మోచేతి కింది వరకు చక్కగా సరిపోతుంది. మణికట్టు దగ్గర బిగుతుగా ఉండకూడదు, మడిస్తే అడ్డం పడకూడదు. ఇలా పది నిమిషాలు వాయించాక కూడా వేళ్లు చల్లగా ఉంటే అప్పుడు గ్లౌజుల దగ్గరికి రండి.

ఏ బట్ట, ఎంత మందం

కొలతలు తెలిస్తే ఎంపిక సులువు. పియానో తెల్ల మీట వెడల్పు సుమారు 23 మిల్లీమీటర్లు. రెండు నల్ల మీటల మధ్య ఉండే సందు దాదాపు ఒకటిన్నర సెంటీమీటరుకు లోపే. పెద్దవాళ్ల వేళ్లు ఉత్తవే ఆ సందులో ఇరుకుగా పడతాయి. ఒక మిల్లీమీటరు మందం ఉన్న గ్లౌజు తొడిగితే వేలు రెండు పక్కలా కలిసి రెండు మిల్లీమీటర్లు లావవుతుంది. తెల్ల మీటల ముందు భాగంలో అది లెక్కలోకి రాదు, నల్ల మీటల మధ్య మాత్రం తప్పు స్వరం మోగించడానికి అంతే చాలు.

ఉన్ని వెచ్చగా ఉంటుంది, కానీ ప్లాస్టిక్ మీట మీద జారుతుంది, నూగు రాలుస్తుంది. వేళ్ల కొసలు కత్తిరించి వాడుకోవడానికి మాత్రం ఉన్నికి సాటి లేదు. నూలు గ్లౌజులు చర్మానికి మంచివి, పలుచనివి దొరుకుతాయి. అయితే సాగవు కనుక వేలి కొస దగ్గర వదులు మిగిలిపోతుంది. లైక్రా అనే సాగే దారం కలిసిన పలుచని అల్లిక గ్లౌజులు వేలికి అంటిపెట్టుకుంటాయి. పూర్తి వేళ్లు కప్పాలంటే నేను మొదట సూచించేది ఇవే. పలుచని తోలు గ్లౌజుల్లో వేళ్ల మధ్య పక్కపట్టీ కుట్టినవి ఉంటాయి, వాటిలో చేయి బాగా చాపవచ్చు. కొత్తలో బిర్రుగా ఉంటాయి.

ఆసుపత్రుల్లో వాడే నైట్రైల్ గ్లౌజులు మందం విషయంలో అన్నిటికంటే మేలు, 0.1 మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటాయి. పౌడరు లేనివే తీసుకోండి, పౌడరు రాలితే మీటల సందుల్లో చేరుతుంది. వీటితో చిక్కు జారడం కాదు, పట్టేయడం. నల్ల మీట మీంచి తెల్ల మీట మీదికి వేలిని జార్చి వాయించే చోట రబ్బరు ఆగిపోతుంది. లోపల చెమట కూడా త్వరగా పడుతుంది కనుక పావుగంటకోసారి తీసి చేతులు ఆరబెట్టుకోండి. చర్మం పగిలినవారైతే లోపల పలుచని నూలు గ్లౌజు వేసుకోవడం మంచిది. మందం పెరిగినా చర్మానికి సుఖంగా ఉంటుంది.

అరచేతి వైపు పట్టు కోసం రబ్బరు చుక్కలు అద్దిన గ్లౌజులు పియానోకు వద్దు. లోహపు గుండీలు, జిప్పులు ఉన్నవి అసలే వద్దు. మీటల ముందున్న నల్లటి పాలిష్ మీద ఒక్కసారి గీత పడితే అది అక్కడే ఉండిపోతుంది.

వేళ్ల కొసలు కత్తిరించడం

కొసలు తెరిచిన గ్లౌజులు కొనుక్కోవచ్చు. కానీ దుకాణంలో దొరికేవాటిలో ఐదు వేళ్లూ ఒకే తీరుగా కత్తిరించి ఉంటాయి. పియానో మీద ఐదు వేళ్లూ ఒకే తీరుగా మీటను తాకవు. అందుకే ఇంట్లో కత్తిరించుకున్నదే బాగా అమరుతుంది. ఒక సాయంత్రం పని.

గ్లౌజు తొడుక్కుని పియానో ముందు కూర్చోండి. చేయి మామూలుగా వాయించే భంగిమలో, వేళ్లు వంచి మీటల మీద పెట్టండి. చేయి చాపి పెట్టినప్పుడు గుర్తు వేసుకుంటే, వేలు వంచగానే అంచు ముందుకు జరిగి కొస మీదికి వస్తుంది. మొదటిసారి నేను చేసిన పొరపాటు ఇదే. వంచిన వేలిలో, కొస నుంచి చూస్తే మొదట వచ్చే కణుపు మడత దగ్గర సుద్దతో గుర్తు పెట్టుకోండి. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లకు ఈ కొలత సరిపోతుంది. బొటనవేలు కొసతో కాకుండా గోటి పక్క అంచుతో మీట మీద ఆనుతుంది. దానికి గుర్తు ఇంకొంచెం కిందికి, కణుపు పూర్తిగా బయటపడేలా పెట్టండి. చిటికెనవేలు కూడా చాలామందికి పక్కకు వాలి ఆనుతుంది కాబట్టి దానికీ అర సెంటీమీటరు కిందికి జరపండి.

అల్లిక బట్టను గుర్తు మీద కత్తిరించేస్తే కుట్లు ఒక్కొక్కటీ జారి మొత్తం ఊడిపోతుంది. ముందు గుర్తు చుట్టూ సన్నని దారంతో రెండు వరసలు కుట్టు వేయండి. దారాన్ని బిగించకండి, వేలికి రక్తం ఆడాలి. ఆ కుట్టుకు అర సెంటీమీటరు అవతల, కొస వైపు కత్తిరించి, మిగిలిన బట్టను బయటికి మడిచి అంచు కుట్టండి. లోపలికి మడిస్తే ఆ గట్టు కణుపు మీద నొక్కుకుంటూ ఉంటుంది. అంచు మీద వేలాడే దారం పోగులన్నీ దగ్గరగా కత్తిరించేయండి.

ఈ చివరి మాట తేలిగ్గా తీసుకోవద్దు. ఒకసారి చలి గదిలో పాట మధ్యలో నా ఉంగరపు వేలి అంచు నుంచి లేచిన ఉన్ని పోగు రెండు తెల్ల మీటల సందులో ఇరుక్కుంది. చేయి పైకి లేపబోతే పోగు సాగి, మీట సగం లేచి, టప్పున కింద పడింది. పాట ఆగిపోయింది. సన్నని పట్టుకారుతో ఆ పోగును బయటికి లాగడానికి పది నిమిషాలు పట్టింది. అప్పటి నుంచి వాయించే ముందు రెండు చేతుల అంచులనూ దీపం వెలుగులో ఒకసారి తిప్పి చూసుకుంటాను.

మూడు పరీక్షలు

కొన్నదైనా, కుట్టుకున్నదైనా, గ్లౌజు పనికొస్తుందో లేదో పాట వాయించి తేల్చకండి. ముందు ఇవి చేయండి.

మొదటిది సాగు. ఒక స్వరం నుంచి పై స్థాయిలో మళ్లీ అదే స్వరం వచ్చేదాకా ఉండే దూరమే ఆక్టేవ్. తెల్ల మీటల మీద అది దాదాపు పదహారున్నర సెంటీమీటర్లు. ఉత్త చేత్తో ఆక్టేవ్ సునాయాసంగా అందుకునేవారికి గ్లౌజుతోనూ అందాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బట్ట బిగుసుకుని చేతిని వెనక్కి లాగుతుంటే ఆ గ్లౌజు మీది కాదు. ఒక సైజు పెంచి చూడండి. పెంచితే కొసల దగ్గర వదులవుతోందంటే వేరే బట్ట వెతకండి.

రెండోది సందు. మధ్యవేలిని మూడు నల్ల మీటల గుంపులోని రెండు నల్ల మీటల మధ్యకు లోపలిదాకా పోనిచ్చి తెల్ల మీట నొక్కండి. పక్కనున్న నల్ల మీటలు కదలకూడదు.

మూడోది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. తీగలున్న పియానో మీద ఒక మీటను శబ్దం రాకుండా, ఎంత మెల్లగా వీలైతే అంత మెల్లగా కిందికి దించండి. మీట మొత్తం దిగేది ఒక సెంటీమీటరు. అడుగుకు కాస్త ముందు చిన్న గతుకులాంటిది తగులుతుంది. సుత్తిని తీగ వైపు తోసే యంత్రాంగం అక్కడ పట్టు వదిలేస్తుంది. మృదువుగా వాయించాలనుకునేవారికి ఆ గతుకే కొలబద్ద. ఉత్త వేలితో నాలుగైదుసార్లు దాన్ని పసిగట్టండి. ఇప్పుడు గ్లౌజుతో వెతకండి. తెలిసిందంటే ఆ గ్లౌజుతో మీరు మెత్తగా కూడా వాయించగలరు. తెలియకపోతే గట్టిగా వాయించే పాటలకే పరిమితం కావలసి వస్తుంది. కొన్ని డిజిటల్ పియానోల్లోనూ ఈ గతుకును పోలిన ఏర్పాటు ఉంటుంది. లేనివాటిలో అత్యంత మెల్లని శబ్దాన్ని వరసగా పదిసార్లు ఒకేలా రాబట్టగలుగుతున్నారేమో చూడండి.

మొదటి పావుగంట

కూర్చోగానే పాట ఎత్తుకోకండి. కళ్లు మూసుకుని నల్ల మీటల గుంపులను, రెండేసి, మూడేసి, ఎడమ నుంచి కుడికి వెతుక్కుంటూ వెళ్లండి. గ్లౌజులోంచి కూడా స్పష్టంగా తెలిసే ఆనవాళ్లు ఇవే. తర్వాత ఐదు వేళ్లను పక్కపక్క ఐదు తెల్ల మీటల మీద పెట్టి ఒక్కొక్కటీ నొక్కండి. మీటను ముందు తాకాలి, తాకినట్టు తెలిశాకే నొక్కాలి. ఎత్తు నుంచి వేలిని పడేయకూడదు. ఉత్త వేలికైతే ఈ తాకడం క్షణంలో తెలుస్తుంది, బట్ట వెనకున్న వేలికి ఆలస్యంగా తెలుస్తుంది. ఆ ఆలస్యానికి చోటివ్వండి.

ఆ తర్వాత స్కేళ్లు, అంటే స్వరాలను వరసగా పైకీ కిందికీ వాయించే సాధన. ఉత్త చేతులతో మెట్రోనోమ్ (లయకు టిక్కుటిక్కుమనే పరికరం) నిమిషానికి 80 టిక్కుల మీద వాయించేదాన్ని 50కి దించండి. ఫోనులో రికార్డు చేసుకుని వినండి. వాయిస్తున్నప్పుడు పక్క మీట రాసుకున్న చిన్న శబ్దాలు మీకు వినిపించవు, రికార్డులో వినిపిస్తాయి. ఏ వేలి దగ్గర ఎక్కువ వస్తున్నాయో రాసుకోండి. చాలాసార్లు తప్పు వేలిది కాదు, ఆ వేలి గ్లౌజు అంచుది. కుట్టు సరిచేస్తే పోతుంది.

వేళ్లు పూర్తిగా కప్పక తప్పనప్పుడు

1763లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏడేళ్ల మోజార్ట్ కచేరీలకు వేసిన ప్రకటనలో, మీటల మీద గుడ్డ కప్పినా కంటికి కనిపిస్తున్నట్టే వాయిస్తాడని ప్రకటించారు. అది జనాన్ని అబ్బురపరచడానికే. కానీ అందులో మనకో పాఠం ఉంది. మీటకూ వేలికీ మధ్య గుడ్డ ఉన్నా, దూరాలు చేతికి తెలిసి ఉంటే సంగీతం ఆగదు. పూర్తి గ్లౌజులతో వాయించేవారు పెంచుకోవలసింది ఆ దూరాల జ్ఞాపకాన్నే.

గ్లౌజు కొసలో మిగిలిన వదులు బట్టను ముందు వెనక్కి, గోటి వైపుకు లాగి సర్దుకోండి. వేలి కింద మడత పడితే ఒక్కోసారి మీట అంచు పక్కకు తగులుతుంది. వేలిని మామూలుకంటే కాస్త తక్కువ వంచి, మెత్తని భాగం మీటను ఆనేలా పెట్టండి. బట్ట మీద ఒత్తిడి పరుచుకుని, జారడం తగ్గుతుంది. వీలున్నచోటల్లా తెల్ల మీటలను ముందు భాగంలోనే వాయించండి.

బలం వేలితో పుట్టించకండి. వేలికి స్పర్శ అందనప్పుడు మనకు తెలియకుండానే గట్టిగా గుచ్చుతాం, అరగంటలో ముంజేయి రాయిలా బిగుసుకుంటుంది. భుజం వదిలేసి, చేతి బరువు మోచేయి మీదుగా వేలి మీదికి దిగనివ్వండి. ఎక్కువ శబ్దానికి ఎక్కువ బరువు, తక్కువకు తక్కువ. బరువు ఎంత దిగిందో తెలియడానికి వేలి చర్మం అక్కర్లేదు, మోచేయీ భుజమూ చెబుతాయి. ఎంత దిగాలో చెవి చెబుతుంది.

బొటనవేలిని మిగతా వేళ్ల కిందుగా దాటించే చోట గ్లౌజులు ఒకదానికొకటి రాసుకుని ఆగుతాయి. అక్కడ మణికట్టును కొద్దిగా పక్కకు జరిపి, చేతినంతా కొత్త చోటికి మార్చండి. మధ్యలో వచ్చే సన్నని ఖాళీని పెడల్‌తో కప్పవచ్చు, అయితే అలవాటుగా మార్చుకోకండి. ఒకే మీటను త్వరత్వరగా కొట్టేవి, పక్కపక్క స్వరాలను గబగబా మార్చి మార్చి వాయించేవి వచ్చినప్పుడు పక్కపక్క వేళ్లు వాడితే బట్టలు రాసుకుంటాయి. చూపుడు, మధ్య వేళ్లకు బదులు బొటనవేలు, మధ్యవేలు వాడి చూడండి.

పాట ఎంపికలో తొందర వద్దు. నిదానంగా నడిచే పాటలు, రెండు మూడు స్వరాలు ఎడం ఎడంగా ఉండే కార్డ్‌లు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు), ఎడమ చేతి నిలకడ తాళం ఉన్నవి గ్లౌజులకు లొంగుతాయి. నల్ల మీటల మధ్య ఇరుకుగా తిరిగేవి, నాలుగైదు స్వరాలు దగ్గర దగ్గరగా ఉండే కార్డ్‌లు చేతులు బాగుపడ్డాక వాయించుకోవచ్చు.

గ్లౌజు అడ్డం కాకుండా సాయపడే చోటు కూడా ఒకటుంది. మీటల మీద చేతిని అటు నుంచి ఇటు ఊడ్చినట్టు లాగే గ్లిసాండోల్లో చర్మం ఒరుసుకుపోతుంది. 20వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త కార్ల్‌హైంజ్ స్టాక్‌హౌసెన్ పియానో రచనల్లో ఒకదానిలో అరచేతితో గుంపులు గుంపులుగా మీటలను ఊడ్చే చోట్లు ఎన్నో ఉన్నాయి. దాన్ని వాయించే పియానిస్టులు వేళ్ల కొసలు తెరిచిన గ్లౌజులు తొడుక్కుంటారు. కచేరీ వేదిక మీదే, కళకు పనిముట్టుగా.

డిజిటల్ పియానో అయితే

మీట ఎంత వేగంగా దిగిందో కొలిచి డిజిటల్ పియానో శబ్దాన్ని నిర్ణయిస్తుంది. గ్లౌజుతో కొట్టే దెబ్బ అస్తవ్యస్తంగా ఉంటుంది కాబట్టి స్వరాలు ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా వస్తుంటాయి. మీట స్పర్శ అమరికలో మూడు నాలుగు స్థాయిలు ఉంటాయి, ఒక్కొక్కటీ మార్చి వినండి. చల్లబడిన చేతులకు తేలిక స్థాయి బాగుంటుంది, గట్టిగా గుచ్చే అలవాటు ఉన్నవారికి బరువు స్థాయి. ఎన్నుకున్నది గుర్తుంచుకుని, గ్లౌజులు తీశాక మళ్లీ మామూలుకు తెచ్చుకోండి.

ఎప్పుడు ఆపాలి, ఎలా తీయాలి

వేలి కొసలు మొద్దుబారినా, సూదులు గుచ్చినట్టున్నా, మణికట్టులో నొప్పి మొదలైనా ఆ స్వరం దగ్గరే ఆపేయండి. గ్లౌజుతో ఒక విడత ఇరవై నిమిషాలు మించనివ్వకండి. మధ్యలో తీసి, చేతులు రుద్దుకుని, మళ్లీ మొదలుపెట్టండి. వాయించడం అయ్యాక మీటల మీద రాలిన నూగును పొడి మెత్తని గుడ్డతో తుడవండి. గ్లౌజులను తరచూ ఉతకండి, బట్టలో పట్టిన జిడ్డు మీటలకు అంటుతుంది.

గ్లౌజులు తీసిన వెంటనే పాట మొదలుపెట్టకండి. బట్టకు అలవాటుపడ్డ చేయి ఉత్త మీట మీద కావలసినదానికంటే ఎక్కువ బరువు వేస్తుంది, మొదటి స్వరాలు అరిచినట్టు వస్తాయి. గతుకు పరీక్ష గుర్తుందిగా. ఒక మీటను శబ్దం లేకుండా మెల్లగా దించి, గతుకు దగ్గర ఆగి, పైకి వదలండి. ఐదు వేళ్లతో ఒక్కోసారి చేయండి. ఆ తర్వాత ఒక స్కేలు, మీకు వీలైనంత మెత్తగా.